రోడ్డు ప్రమాదంలో మనిషి పోయాక పరిహారం: అపోహలు - వాస్తవాలు

మోటారు ప్రమాదాల కేసుల్లో బాధిత కుటుంబాల తరఫున వాదిస్తుంటాను. మా ఆఫీసు మెట్లెక్కేవాళ్లలో చాలామంది ప్రమాదం జరిగిన వెంటనే రారు. నెలలు గడిచాకో, ఏడాది తిరిగాకో వస్తారు. ఈలోపు చుట్టాలు, ఊరి పెద్దలు, స్టేషన్ దగ్గర పరిచయమైనవాళ్లు తలా ఒక మాట చెప్పి ఉంటారు. ఇంటి మనిషిని పోగొట్టుకుని, కర్మకాండలు, అప్పులు, పిల్లల ఫీజుల మధ్య నలిగిపోతున్నవాళ్లు చట్టం తెలుసుకుని రావాలని నేను అనుకోను. కానీ తెలియకుండానే తెలిసినట్టు చెప్పేవాళ్ల వల్ల ఆ కుటుంబాలు ఎంత పోగొట్టుకుంటున్నాయో చూస్తుంటే మాత్రం కడుపు మండుతుంది.

అపోహ: "కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతారు? ఓనరు ఇచ్చింది తీసుకుని రాజీ పడితే మంచిది."

మిగతా అపోహలన్నీ కలిపి చేసే నష్టం కంటే ఈ ఒక్కటి చేసే నష్టమే ఎక్కువ. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

ముందు ఒక విషయం. పరిహారం కట్టాల్సింది మామూలుగా ఓనరు జేబులోంచి కాదు. రోడ్డెక్కే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఆ వాహనం వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) తప్పనిసరి. ఆ పాలసీ ఉన్నదే ఇలాంటి రోజు కోసం. ట్రిబ్యునల్, అంటే ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టు, ఎంత ఇమ్మంటే అంత ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలి. మరణం కేసుల్లో థర్డ్ పార్టీ కవర్‌కు పైపరిమితి కూడా లేదు. "పాపం, వాళ్లూ పేదవాళ్లే, లారీ మీద అప్పుంది" అని జాలిపడి కేసు వదులుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అలా వదులుకుంటే మిగిలేది ఓనరుకు కాదు, కంపెనీకి.

పాలసీ అంతా సక్రమంగా ఉన్న ఓనరు రాజీకి పెద్దగా తొందరపడడు. తొందరపడుతున్నాడంటే పాలసీ గడువైపోయిందా, డ్రైవర్‌కి లైసెన్స్ లేదా, పర్మిట్ లేదా అని అనుమానించాలి. అలాంటప్పుడు రాజీ అవసరం అతనిదే, మీది కాదు.

ఒకావిడ సంగతి చెబుతాను. భర్త తాపీ మేస్త్రీ, 34 ఏళ్లు. పని నుంచి బైక్ మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి లారీ కొట్టింది. మర్నాడే పెద్దమనుషులు కూర్చున్నారు. మూడు లక్షలకు ఒప్పందం. కాగితం మీద సంతకం పెట్టించుకుని ఆ కాగితం వాళ్లే ఉంచుకున్నారు. ఆమెకు కాపీ కూడా ఇవ్వలేదు. ఒప్పందంలో భాగంగా స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదులో లారీ ఊసే లేదు. "బైక్ స్కిడ్ అయి పడి చనిపోయాడు" అని రాశారు.

"మీరు చదివారా అమ్మా?" అని అడిగాను.

"లేదు సార్. మా బావగారు రాయించారు, సంతకం పెట్టమంటే పెట్టాను. చదివినా ఆ రోజు నాకేం అర్థమవుతుంది?"

ఆమెను తప్పుపట్టడానికి ఏముంది? కానీ ఆ ఒక్క వాక్యం కేసుకు ఉరితాడయింది. తప్పు ఎదుటి వాహనానిదని చూపిస్తేనే మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పరిహారం వస్తుంది. కంపెనీ లాయరు ఎఫ్ఐఆర్ చదివి, "అసలు మా లారీ అక్కడ లేనే లేదు" అన్నాడు. చూసినవాళ్లను వెతికి తీసుకొచ్చి సాక్ష్యం చెప్పించాం. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. ట్రిబ్యునల్ నమ్మలేదు. అప్పీలు నడుస్తోంది.

ఆ కుటుంబానికి న్యాయంగా ఎంత రావాలి? లెక్క చూడండి. ఇది ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడదు. 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017లో ప్రణయ్ సేఠీ కేసులోనూ సుప్రీంకోర్టు గీసిన గీత ఇది. మేస్త్రీ నెల ఆదాయం 15,000 అనుకుందాం. సొంత పని చేసుకునేవాళ్లకు, 40 ఏళ్ల లోపు అయితే, భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలి. 21,000 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి - ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి, అతని సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు. 15,750 మిగులుతుంది. ఏడాదికి 1,89,000. దీన్ని చనిపోయిన మనిషి వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు; 31 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుకు ఆ గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలకూ తల్లికీ తోడు పోయినందుకు ఇచ్చే సొమ్ము వేరే. వీటికి ప్రణయ్ సేఠీ కేసులో నిర్ణయించిన మొత్తాలు ప్రతి మూడేళ్లకు 10 శాతం పెరగాలి. ఆపైన వడ్డీ.

ముప్ఫై లక్షలు రావాల్సిన చోట మూడు లక్షలు ఇప్పించి, మేలు చేశామని చెప్పుకున్నారు.

కోర్టులో ఆలస్యం అవుతుందన్నది నిజమే, కాదనను. కానీ ఆ ఆలస్యానికి వడ్డీ కడతారు. పైగా 2019 సవరణ తర్వాత, తప్పు ఎవరిదన్న ప్రశ్నే లేకుండా మరణానికి 5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ ఉంది. అంటే చట్టం కనీసంగా చూపిస్తున్న మొత్తం కంటే కూడా ఆ రాజీ తక్కువే. అయితే 164 కింద డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన కేసు అక్కడితో ముగుస్తుంది. చూసినవాళ్లు ఉండి, తప్పు లారీదేనని స్పష్టంగా ఉన్నప్పుడు తొందరపడి దాన్ని ఎంచుకోవద్దు.

ఇప్పటికే రాజీకి సంతకం పెట్టేసినవాళ్లు ఇక అంతేననుకుని ఇంట్లో కూర్చోవద్దు. ట్రిబ్యునల్ న్యాయమైన పరిహారం ఎంతో లెక్క చూడాలి. తీసుకున్న సొమ్మును అందులోంచి మినహాయించవచ్చు. కాగితం ఉన్నంత మాత్రాన అన్ని దారులూ మూసుకుపోవు. ఉన్న కాగితాలన్నీ పట్టుకుని ఎవరైనా లాయర్‌ని కలవండి.

ఫిర్యాదు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. వాహనం నంబరు, ఎటు నుంచి వచ్చి ఎలా కొట్టింది, ఎవరు చూశారు - తెలిసినంతా రాయించండి. నంబరు తెలియకపోతే లారీయా, ట్రాక్టరా, ఏ రంగు అన్నదైనా రాయించండి. ఎవరో ఒకరు చదివి వినిపించనిదే సంతకం పెట్టొద్దు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. మీరు ఆస్పత్రిలో ఉండటం వల్లో, అంత్యక్రియల వల్లో ఫిర్యాదు ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే భయపడకండి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును అనుమానించకూడదని 2011లో రవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యంగా ఇచ్చినా సర్దుకోవచ్చు, అబద్ధం రాసిస్తే మాత్రం సర్దుకోలేం.

అపోహ: "డ్రైవర్ మీద పోలీసు కేసు తేలాకే పరిహారం కేసు వేయాలి."

అవి రెండూ వేర్వేరు. క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. ట్రిబ్యునల్‌లో ఏది జరగడానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తారు. అందుకే డ్రైవర్ నిర్దోషిగా బయటపడ్డా పరిహారం రావచ్చు. ఈ మాట సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది.

ఎదురుచూస్తూ కూర్చుంటే గడువు సమస్య వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో ఆరు నెలల గడువు ఉండేది, 1994లో దాన్ని తీసేశారు. "ఎప్పుడైనా వేసుకోవచ్చు" అన్న మాట అప్పటిది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు మళ్లీ వచ్చింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టులో ఉన్నాయి, అవి తేలేదాకా గడువు దాటిందని క్లెయిములు కొట్టేయవద్దని 2025 నవంబరులో కోర్టు ఆదేశించింది. గడువు దాటినవాళ్లకు అది ఊరట. ఇంకా దాటనివాళ్లు దాన్ని నమ్ముకుని ఆగకండి, ఆరు నెలల్లోపే ఓపీ (పరిహారం కోసం వేసే పిటిషన్) వేసేయండి.

పోలీసులు కూడా ప్రమాదం గురించి 48 గంటల్లో మొదటి నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను ట్రిబ్యునల్‌కు ఇవ్వాలని 2022 నుంచి నిబంధన ఉంది. స్టేషన్‌కు వెళ్లినప్పుడు అది పంపారో లేదో అడగండి. వాళ్లు పంపుతారు కదా అని మీ ప్రయత్నం మానొద్దు. ప్రమాదం ఎక్కడో దూరాన జరిగినా మీరు నివాసం ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.

అపోహ: "జీతం స్లిప్పు లేదు, ఏమీ రాదు."

ఈ దేశంలో ఎంతమందికి జీతం స్లిప్పు ఉంది? కూలీకి, ఆటో డ్రైవర్‌కి, కూరగాయలు అమ్మే మనిషికి కాగితం ఉండదని ట్రిబ్యునళ్లకు తెలుసు. 2004లో ప్రమాదానికి గురైన ఒక కూలీకి కాగితం లేకపోయినా నెలకు 4,500 ఆదాయాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం, లేబర్ కార్డు, ఫోన్‌లో డబ్బులు వచ్చిన వివరాలు, బ్యాంకు పాస్‌బుక్ - ఏదైనా పనికొస్తుంది. చనిపోయిన మనిషి ఫోన్‌ను ఫార్మాట్ చేసి పిల్లలకు ఇచ్చేయకండి, సిమ్ రద్దు చేయకండి. చాలా ఇళ్లలో సాక్ష్యం అంతా అందులోనే ఉంటుంది.

ఇల్లు చూసుకునే భార్య చనిపోతే "ఆమెకు సంపాదన లేదు కదా" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఇంటి పనికి విలువ కట్టాలని, దానికి కూడా భవిష్యత్ పెంపు కలపాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"హెల్మెట్ లేదు, ముగ్గురు ఎక్కారు, కాబట్టి కేసు లేదు" అంటారు. అలా కాదు. ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందని, లేదా దెబ్బ తీవ్రమైందని చూపిస్తేనే పరిహారంలో కోత పడుతుంది. బైక్ మీద ముగ్గురు ఉండటం ఒక్కటే కారణంగా కోత వేయకూడదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

ఎదుటి డ్రైవర్‌కి లైసెన్స్ లేకపోతే ఇన్సూరెన్స్ రాదన్న భయం ఒకటి. చాలా కేసుల్లో ముందు మీకు చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టు కంపెనీకే చెబుతుంది. ఓనరు చుట్టూ మీరు తిరగాల్సిన పని ఉండదు.

ఎల్ఐసీ డబ్బు వచ్చిందని పరిహారం తగ్గించరు. అది ఆయన కట్టుకున్న పాలసీ, దానికీ దీనికీ లంకె లేదు. పెళ్లయిన కూతుళ్లు, సంపాదించే కొడుకులు కూడా కేసులో ఉండవచ్చు.

కొట్టిన వాహనం ఏదో అసలు దొరకకపోతే, 2022 నుంచి అమల్లో ఉన్న హిట్ అండ్ రన్ పథకంలో మరణానికి 2 లక్షలు ఇస్తారు. దరఖాస్తు మీ ప్రాంత ఆర్డీవో లేదా తహసీల్దార్ దగ్గర మొదలవుతుంది. తప్పు చనిపోయిన మనిషిదే అయి, ఇంకో వాహనం లేనప్పుడు 166 కింద పరిహారం రాదు. కానీ నడిపింది ఆయన సొంత బండే అయితే పాలసీ తీసి చూడండి. ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటే 15 లక్షలు వస్తాయి. ఇది ఉందని తెలియక వదిలేసిన ఇళ్లు చూశాను.

లోక్ అదాలత్‌లో సెటిల్ చేసుకోవడం తప్పేమీ కాదు, లెక్క తెలిసి చేసుకుంటే చాలా మంచిది. అక్కడ ఇచ్చిన అవార్డు (తీర్పు) మీద మళ్లీ అప్పీలుకు వెళ్లే వీలు లేదు. అందుకే పైన చెప్పిన లెక్క ఒక కాగితం మీద వేసుకుని, మీకు రావాల్సినదానికి ఎంత తక్కువకు ఒప్పుకుంటున్నారో చూసుకున్నాకే సంతకం పెట్టండి. ట్రిబ్యునల్ తీర్పు అయితే హైకోర్టులో అప్పీలుకు 90 రోజుల గడువు ఉంటుంది.

చివరగా, నా వృత్తికి సంబంధించిన మాట. "వచ్చినదాంట్లో ముప్ఫై శాతం నాకు" అనే ఒప్పందాలు జరుగుతున్నాయి. వచ్చే పరిహారంలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. ఆస్పత్రి గేటు దగ్గరే ఎదురొచ్చి ఖాళీ వకాల్తాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. ఫీజు కట్టే స్థితి లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని పెడతారు. సంస్థ ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోన్ చేయాలంటే 15100.