ఒక్క అణువే అయస్కాంతమైతే: అపోహలు, వాస్తవాలు

లోహ సంక్లిష్ట సమ్మేళనాలు తయారుచేసి, వాటి అయస్కాంత గుణాలు కొలవడం నా పని. కెమిస్ట్రీ బాగా చదివినవాళ్ల దగ్గర కూడా తరచూ వినే మాటలు కొన్ని:

అపోహ: ఇనుము ఉంటే చాలు, అయస్కాంతానికి అంటుకుంటుంది.

వాస్తవం: ఫెర్రోసీన్ అనే సమ్మేళనంలో ఇనుము ఉంది, అయస్కాంతం వైపు లాగబడేలా చేసే జతకూడని ఎలక్ట్రాన్ మాత్రం ఒక్కటీ లేదు. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్ కూడా అంతే, డయా అయస్కాంతం (అయస్కాంతం దాన్ని కాస్త నెడుతుంది). ఆక్సిజన్ వదిలేస్తే పారా అయస్కాంతం (అయస్కాంతం వైపు లాగబడేది) అవుతుంది. పాలింగ్, కోరియెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1936లోనే ఇది కొలిచి చూపించారు. లోహం పేరొక్కటీ వింటే ఏమీ తేలదు, దాని చుట్టూ ఏ లైగాండ్లు (లోహానికి అతుక్కున్న అణువులు, అయాన్లు) ఉన్నాయో చూడాలి.

అపోహ: జతకూడని ఎలక్ట్రాన్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచి అయస్కాంతం.

వాస్తవం: ఇది మా రంగాన్ని కూడా చాలాకాలం తిప్పిన అపోహ. పన్నెండు మాంగనీసులున్న ఒక ఎసిటేట్ సమ్మేళనంలో, బాగా చల్లబరిస్తే ఒక్కో అణువూ విడిగా అయస్కాంతంలా నడుచుకుంటుందని 1993లో తేలింది. దాని స్పిన్ (జతకూడని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఇచ్చే అయస్కాంత బలానికి కొలత) 10. ఇక స్పిన్ పెంచే పోటీ మొదలైంది. 2006లో 19 మాంగనీసులతో ఏకంగా 83/2 దాకా వెళ్లారు. తీరా చూస్తే, పట్టిన దిశను నిలుపుకోవడంలో అది పాతదాని దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఎందుకంటే స్పిన్ ఎంత పెద్దదైనా దానికి ఇష్టమైన దిశంటూ ఒకటి ఉండాలి. దాన్నే అనైసోట్రోపీ అంటాం. గడోలినియం అయాన్‌లో జతకూడని ఎలక్ట్రాన్లు ఏడు, కానీ ఎలక్ట్రాన్ మేఘం గుండ్రం. ఎటు తిరిగినా దానికి ఒకటే. డిస్ప్రోసియంలో ఐదే, కానీ మేఘం పళ్లెంలా చదును. ఋణావేశమున్న లైగాండ్లను పైన ఒకటి, కింద ఒకటి పెడితే ఆ పళ్లెం మధ్యలో బిగుసుకుపోతుంది, అయస్కాంత దిశ నిలువుగా స్థిరపడుతుంది. నన్నడిగితే ఈ రంగంలో అసలు కళ లైగాండ్‌ను ఎంచుకోవడమే.

అపోహ: ఇంకేముంది, ఈ ఒక్క అణువు అయస్కాంతాలు రేపో మాపో ఫోన్లలోకి వచ్చేస్తాయి.

వాస్తవం: ఇలాంటి ఒక డిస్ప్రోసియం సమ్మేళనం 2018లో 80 కెల్విన్ దగ్గర కూడా అయస్కాంత జ్ఞాపకం నిలుపుకుంది. ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్ దాటడం మాకు పండగే. 2025లో 100 కెల్విన్ అందింది. అంటే మైనస్ 173 డిగ్రీల సెల్సియస్! పైగా గాలి తగిలితే పాడయ్యే సరుకు, పనంతా గ్లవ్‌బాక్స్‌లోనే (గాలి చొరబడని, చేతి తొడుగులు బిగించిన పెట్టె).

అపోహ: గది ఉష్ణోగ్రతలో పొడి అయస్కాంతానికి అతుక్కుంటే కొత్త పదార్థం దొరికినట్టే.

వాస్తవం: అసాధ్యమేమీ కాదు. 1991లో వెనేడియంతో చేసిన ఒక పదార్థం అలా అతుక్కుంది. కానీ అందులో లోహాలు, కర్బన అణువులు వలలా అల్లుకుని ఉంటాయి, ఒక్కో అణువు పని కాదది. మీ పొడి విషయంలో ముందు స్టీల్ స్పాచులాను (పొడి తీసే చిన్న గరిటెను) అనుమానించండి. దాన్నుంచి రాలిన కంటికి కనబడని రజను చాలు, అతి చిన్న అయస్కాంతత్వాన్నీ కొలిచే స్క్విడ్ యంత్రంలో గ్రాఫ్ మొత్తం తప్పుదారి పట్టడానికి. ప్లాస్టిక్ స్పాచులాతో తీసిన కొత్త శాంపిల్‌లో కూడా అదే కనిపిస్తే, అప్పుడు గైడ్‌కి ఫోన్ చేయండి.