రాజీవ్ హత్య కేసు: టాడా పోయింది, టాడా వాంగ్మూలం మిగిలింది

విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసు విమానమెక్కిన రాజీవ్ గాంధీ 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో ఎలా చనిపోయారో మళ్ళీ చెప్పనక్కర్లేదు. నడుముకు బెల్టు బాంబు కట్టుకొచ్చిన హంతకురాలు థాను ముఖం ఫొటోగ్రాఫర్ హరిబాబు కెమెరాలో దొరికింది. కుట్రను నడిపించిన శివరాసన్, శ్రీలంక తమిళ వేర్పాటు సంస్థ ఎల్‌టీటీఈ మనిషి, ఆగస్టులో బెంగళూరు శివార్లలో ప్రాణం తీసుకున్నాడు. ఇప్పటి రగడ వీటి గురించి కాదు. ఈ కేసులో శిక్ష పడి 2022లో విడుదలైన ఏడుగురు దోషులా, బలిపశువులా అన్నదే గొడవ. దాని ముడి 1999 మే 11 నాటి సుప్రీంకోర్టు తీర్పులో పడింది.

మామూలుగా పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదు. 1995లో కాలం చెల్లిన ఉగ్రవాద నిరోధక చట్టం టాడా 15వ సెక్షన్ కింద మాత్రం ఎస్పీ స్థాయి అధికారి రాసుకుంటే చెల్లేది. సీబీఐ ఎస్పీ త్యాగరాజన్ అలా 17 మంది వాంగ్మూలాలు నమోదు చేశారు. 1998 జనవరిలో టాడా కోర్టు 26 మందికీ, ఒక్కరినీ వదలకుండా, ఉరిశిక్ష వేసింది. టాడా కేసు కాబట్టి మధ్యలో హైకోర్టు లేదు. అప్పీలు నేరుగా ఢిల్లీకే.

ఇది ఉగ్రవాద చర్య అని రుజువు కాలేదంటూ సుప్రీంకోర్టు టాడా నేరాలను కొట్టేసింది. ఆ చట్టం కింద తీసుకున్న వాంగ్మూలాలను మాత్రం హత్య, కుట్ర నేరాలకు సాక్ష్యంగా ఉంచింది. 19 మంది బయటపడ్డారు. నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం మిగిలాయి.

ఆ నలుగురిలో పేరరివాలన్ ఒకడు. అరెస్టు నాటికి 19 ఏళ్లు. శివరాసన్‌కు రెండు 9 వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడు, అవే బెల్టు బాంబులో వాడారన్నది అభియోగం. కొనడం వేరు, ఎందుకో తెలిసి కొనడం వేరు. ఎందుకో తనకు తెలియదని అతను చెప్పిన మాటను తాను రాయలేదని త్యాగరాజన్ రిటైరయ్యాక 2013లో బయటపెట్టారు, 2017లో అఫిడవిట్ కూడా ఇచ్చారు. సంగతి తమ ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదని 1991 మే 7న శివరాసన్ ఎల్‌టీటీఈ నిఘా విభాగం అధిపతి పొట్టు అమ్మాన్‌కు పంపిన వైర్‌లెస్ సందేశాన్నీ అందులో చూపించారు. ఒక మనిషిని ఉరికంబం దాకా తెచ్చిన కాగితంలో ఆ ఒక్క వాక్యం లేదు.

తీర్పు అంతిమం, రివ్యూ పిటిషన్లనూ కొట్టేశారు అన్నది సీబీఐ వైపు వాదన.

హత్య వెనక ఇంకా పెద్దవాళ్లున్నారనే ‘పెద్ద కుట్ర’ సంగతికొస్తే, దానిపై విచారణ జరిపిన జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక 1997లో గుజ్రాల్ ప్రభుత్వాన్ని కూల్చింది. తాంత్రికుడు చంద్రస్వామి నుంచి విదేశీ గూఢచారి సంస్థల దాకా అందరి పేర్లూ నలిగాయి. 1998 చివర్లో సీబీఐ కింద పెట్టిన బహుళ సంస్థల పర్యవేక్షణ విభాగం ఏళ్ల తరబడి సీల్డ్ కవర్లు సమర్పించింది, 2022లో రద్దయింది. బెల్టు బాంబు ఎవరు తయారుచేశారో మాత్రం కోర్టులో తేలలేదు. పుకార్లకు ఆ ఖాళీ చాలు.

2014లో పేరరివాలన్ ఉరి యావజ్జీవంగా మారింది క్షమాభిక్ష పిటిషన్లపై జాప్యం వల్ల. 2022 మే 18న సంపూర్ణ న్యాయం కోసం తనకున్న 142వ అధికరణ అధికారం కింద సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది, తమిళనాడు మంత్రివర్గ సిఫార్సును గవర్నరు తేల్చకుండా నాన్చినందుకు. నవంబరులో మిగతా ఆరుగురూ వచ్చారు. 1999లో ఉంచేసిన వాంగ్మూలాల జోలికి ఈ ఉత్తర్వుల్లో ఏదీ పోలేదు.