అంతా పోయాక పిల్లలు ఏమవుతారు? అపోహలు - వాస్తవాలు

తుఫాను పునరావాస కేంద్రాల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తాను. "రేపు లోకమే తల్లకిందులైతే ఈ సెల్‌ఫోన్ పిల్లలు ఒక్క పూట బతకరు" అని పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. అందుకే ఈ పోస్టు.

అపోహ: అదుపుచేసే పెద్దలు లేకపోతే కుర్రాళ్లు ఒకరినొకరు పీక్కుతింటారు.

వాస్తవం: 1965లో పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల దేశం టోంగాలో ఆరుగురు హాస్టల్ కుర్రాళ్లు ఓ పడవ ఎత్తుకుని సముద్రం మీదికి పోయారు. గాలివానకు తెరచాప చిరిగింది, చుక్కాని విరిగింది. ఎనిమిది రోజులు కొట్టుకుపోయి, మనుషుల్లేని అటా దీవిలో తేలారు. 1966 సెప్టెంబరులో ఆస్ట్రేలియా కెప్టెన్ పీటర్ వార్నర్ కంటపడేదాకా అక్కడే, దాదాపు పదిహేను నెలలు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు: తోట, వంట, కాపలా. చెట్టు మొద్దులు తొలిచి వాననీళ్లు పట్టుకున్నారు. రాజేసిన నిప్పు ఆరనివ్వలేదు. గొడవపడితే ఇద్దరూ చెరోవైపు వెళ్లి, కోపం చల్లారాకే తిరిగి రావాలి. ఒకడు కొండ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే కర్రలు, ఆకులతో కట్టు కట్టారు. వాడి వంతు పని మిగతావాళ్లు చేశారు. కొబ్బరిచిప్పకు పడవ తీగలు బిగించి గిటారు కూడా వాయించుకున్నారు. (ఇంటికి చేరగానే పడవ దొంగతనం కేసులో లోపలేశారు, పాపం.)

ఏ గుంపైనా ఇలాగే ఉంటుందని నేననను. వీళ్లు ముందునుంచీ స్నేహితులు, అది చాలా పెద్ద తేడా.

అపోహ: జరిగిందంతా పిల్లల చేత వెంటనే చెప్పించేస్తే వాళ్ల గుండె బరువు దిగుతుంది.

వాస్తవం: వద్దు. మానసిక ప్రథమ చికిత్స (విపత్తు జరిగిన వెంటనే బాధితుల మనసుకు ఇచ్చే ఆసరా) మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మార్గదర్శిని కూడా బలవంతపెట్టవద్దనే చెబుతుంది. వాళ్లు చెబితే వినాలి, అంతే. మొదట్లో ఈ తప్పు నేనూ చేశాను. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో కరెంటు లేని రోజుల్లో, ఒక పదో తరగతి అబ్బాయిని "ఏం జరిగింది నాన్నా?" అని మూడుసార్లు అడిగాను. మూడోసారి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు తనే వచ్చి, "సార్, జనరేటర్ దగ్గర ఫోన్ ఛార్జింగ్ లైను నేను చూసుకోనా?" అన్నాడు. పాత నోటుబుక్కులో పేర్లు, ఎవరి ఫోన్లో ఎంత ఛార్జింగ్ ఉందో రాసేవాడు. రెండు రోజులయ్యాక, అలా రాస్తూనే, తలెత్తకుండా ఇంటి సంగతి చెప్పాడు.

అపోహ: "అంతా సర్దుకుంటుంది" అంటే ధైర్యం వస్తుంది.

వాస్తవం: రాదు. ఆ సంగతి మీకూ తెలియదని వాళ్లకు తెలుసు. "రేపు ఏడింటికి నీళ్ల ట్యాంకర్ వస్తుంది, బిందెల లైను నువ్వు చూడు" అనండి. కాకపోతే, ట్యాంకర్ డ్రైవర్‌కి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.