లెక్కలకు విడిగా ట్యూషన్: అపోహలు – వాస్తవాలు

అపోహ: పదో తరగతి లెక్కలు రాకపోతే ఆ పుస్తకమే మళ్లీ మొదటి నుంచి చెప్పించాలి.

వాస్తవం: వర్గ సమీకరణాల దగ్గర ఆగిపోయే పిల్లల్లో చాలామందికి అడ్డుపడేది ఆరు, ఏడు తరగతుల్లో సరిగా రాని రుణ సంఖ్యలు, భిన్నాలు. –5 – 8 ఎంత అంటే 13 అంటారు. గుణకారానికి నేర్చుకున్న ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ను ఇక్కడికి తెచ్చేస్తారు. 2/3 + 1/4 ఇస్తే లవాలు, హారాలు విడివిడిగా కలిపి 3/7 రాస్తారు. 3ఎక్స్ = 12లో మూడుని అవతలికి పంపి, గుర్తు మార్చి, ఎక్స్ = 9 అంటారు. నిండు క్లాసులో టీచరుకు జవాబు తప్పని తెలుస్తుంది గానీ, అది ఎక్కడ పుట్టిందో ఒక్కొక్కరినీ అడిగే వ్యవధి ఉండదు. విడిగా, ఒక్కరికే చెప్పడంలో అసలు లాభం ఆ అడగడమే.

గుంటూరు బ్రాడీపేటలోనైనా విజయవాడ మొగల్రాజపురంలోనైనా సార్‌ని కుదుర్చుకునేటప్పుడు మొదటి రోజు ఏం చేస్తారో అడగండి. రుణ సంఖ్యలు, భిన్నాలు–దశాంశాలు, సమీకరణాలు తలా ఐదు, మొత్తం 15 లెక్కలు టైం పెట్టకుండా చేయించాలి. తప్పు అని చెప్పకముందే ‘ఎలా చేశావు?’ అని అడగాలి. ఒప్పయినవీ అడగాలి. 0.45, 0.3లలో 0.45 పెద్దదని చెప్పిన పిల్ల, 45 కంటే 3 చిన్నదనుకుని చెప్పి ఉండొచ్చు. 0.35, 0.4 ఇస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అనే మన ఊళ్లలో, వెనక్కి వెళ్లి భిన్నాలు చెప్పించడం నామోషీగా ఉంటుంది. దయచేసి అలా అనుకోకండి. ఈ గండి పూడకుండా పైన ఎంత చెప్పినా నిలవదు.

అపోహ: సార్ బాగా వివరిస్తే వచ్చేస్తుంది.

వాస్తవం: చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది. పెన్ను పిల్లల చేతిలో ఉండాలి. ప్రశ్న అడిగాక సార్ ఆగాలి. ఎక్కువమంది ఆగలేక జవాబు తామే చెప్పేస్తారు. సాయం కావాలంటే తర్వాతి ఒక్క మెట్టు చూపిస్తే చాలు. 50 నిమిషాల్లో మొదటి పది నిమిషాలు కిందటిసారి లెక్కలకు అంకెలు మార్చి, చివరి పది నిమిషాలు ఎవరి సాయం లేకుండా చేయించాలి. నోట్సు తెరిచి చూడండి: నిండా సార్ చేతిరాతే ఉంటే ట్యూషన్ సరిగా సాగడం లేదు.

అపోహ: విడిగా చెప్పిస్తే చాలు, ఫలితం అదే వస్తుంది.

వాస్తవం: అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో రాసిన వ్యాసంలో, విడిగా నేర్చుకున్న సగటు విద్యార్థి మామూలు క్లాసులోని 98 శాతం మందిని మించాడు. ఆ పద్ధతిలో చిన్న పరీక్ష పెట్టి, తప్పులు దిద్ది, మళ్లీ పరీక్షించడమూ ఉంది. తర్వాతి పరిశోధనల్లో లాభం కనిపించింది గానీ సాధారణంగా అంత పెద్దది కాదు.

అపోహ: రోజూ రెండు గంటలు, ఒకే రకం లెక్కలు నలభై చేయాలి.

వాస్తవం: వరసగా ఒకే రకం చేస్తే, ప్రశ్న చదవకముందే పద్ధతి తెలిసిపోతుంది. పరీక్షలో ఏ పద్ధతో తామే తేల్చుకోవాలి. వారానికి మూడు రోజుల ట్యూషన్ చాలు. మిగతా రోజుల్లో సొంతంగా పది లెక్కలు చేయాలి: ఈ వారానివి నాలుగు, పోయిన వారానివి మూడు, పోయిన నెలవి మూడు, కలగలిపి.