కొబ్బరికాయ లేచింది, మరి మిషను?

మర్రిగూడ దిక్కు మా చిన్నాయన చెలకలో బోరు పాయింటు చూడటానికి ఒకాయన వచ్చాడు. పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని గట్టు వెంట నడిచాడు. ఒకచోట కాయ మెల్లగా లేచి నిలువుగా నిలబడింది. చిన్నాయన అక్కడ సున్నంతో గుర్తు పెట్టాడు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ సారును కదా, నోరు ఊరుకోలేదు. "చిన్నాయనా, ఇదంతా ఉత్తదే. సైన్స్ ఒప్పుకోదు. భూమిలో నీళ్లు చూసే మిషను పెట్టించు" అన్నాను.

"గా మిషను పెట్టినకాడ ఎన్ని బోర్లు ఫెయిలైనయ్ రా? లెక్కున్నదా నీకాడ?"

లెక్క లేదు. ఆయన కాయను నమ్మాడు, నేను వైర్లున్న డబ్బాను నమ్మాను, అంతే తేడా.

కాయ లేవడం అబద్ధం కాదు, కళ్లారా చూశాను. పట్టుకున్నవాడు మోసగాడు కానక్కర్లేదు కూడా. మనసులో 'ఇక్కడే' అనిపిస్తే చేతి కండరాలు మనకు తెలియకుండానే రవ్వంత కదులుతాయి. ఈ సంగతికి 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు పేరు పెట్టాడు. తేల్చుకోవడం సులువే: కళ్లకు గంతలు కట్టి అదే గట్టు మీద మళ్లీ నడిపించాలి, కాయ అదే చోట లేస్తుందా చూడాలి. 1987-88లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఇలాంటిదే పెద్ద ఎత్తున చేశారు. కొట్టం కింది అంతస్తులో నీటి పైపును అటూ ఇటూ జరుపుతుంటే, అది ఎక్కడుందో పైఅంతస్తు నుంచి చెప్పాలి. నీళ్ల జాడ చెప్పేవాళ్లలోంచి ఏరి తెచ్చిన 43 మంది, 843 సార్లు. కొందరికి నిజంగానే శక్తి ఉందని ఆ ప్రయోగం చేసిన శాస్త్రవేత్తలే రాశారు! తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త అవే అంకెలు తిరగేసి, గుడ్డిగా చెప్పినా ఇంతే వస్తుందని చూపించాడు. అంకెలు దాచకుండా అచ్చేశారు కాబట్టే ఆయన తప్పు పట్టగలిగాడు.

ఇక నా మిషను. నేలలో వరసగా నాలుగు కడ్డీలు దిగ్గొట్టి, బయటి రెండింటి నుంచి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. గట్టి గ్రానైటులో కరెంటు సరిగా పారదు, నీళ్లున్న పగుళ్లలో బాగా పారుతుంది, అప్పుడు రీడింగు పడిపోతుంది. కానీ తడి బంకమట్టిలోనూ బాగానే పారుతుంది. రీడింగు పడిపోయిందంటే నీళ్లే అనుకోవడానికి లేదు. ఈ ముక్క ఆ రోజు చిన్నాయనకు చెప్పలేదు, చెబితే ఓడిపోతానని.

మా వైపు నీళ్లు పడితే సరిపోదు, ఫ్లోరైడ్ సంగతీ చూడాలి. గ్రానైటు రాళ్లలోంచే అది నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగొద్దంటారు. దాన్ని తీయడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తెచ్చిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. పటిక, సున్నం కలిపి తేరనివ్వడమే. అయితే పటిక ఎంతన్నది నీళ్లను బట్టి మారుతుంది, ముందు పరీక్ష చేయాలి. పరీక్ష నీళ్లలో ఎర్రటి ద్రావకం చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ ఎక్కువయ్యేకొద్దీ రంగు పసుపుకు తిరుగుతుంది. ఒక ఊళ్లో చూశాను: పరీక్ష డబ్బా సీలు విప్పలేదు, పటిక మాత్రం రోజూ ఒకే డబ్బాతో, విభూతి చల్లినట్టు వేస్తున్నారు. అడిగితే "సైంటిస్టులు చెప్పిన్రు సార్" అన్నారు. కొబ్బరికాయాయన మీద లేచిన నోరు అక్కడ లేవలేదు.

ఇప్పుడో నోటుబుక్కు పెట్టాను. చుట్టుపక్కల బోరు బండి వచ్చిందంటే పాయింటు ఎవరు చూశారు, ఎన్ని ఫీట్లు, నీళ్లా దుమ్మా అని రాస్తున్నా. మొదటి రెండు వరుసల్లో మిషను చూపిన బోరు ఒకటి, చిన్నాయనది ఒకటి. రెండిటి ఎదురుగానూ 'దుమ్ము' అనే ఉంది. ఇప్పటికి ఎక్కినవి పదకొండే, వాటితో ఏమీ తేలదు. చిన్నాయన మాత్రం కలిసినప్పుడల్లా అడుగుతున్నాడు, "ఎవలు గెలుస్తున్రు రా?" అని.