హ్యాండిల్ లూజని మంచి లేత్ వదిలేయకండి: సెకండ్ హ్యాండ్ మెషిన్లు, అపోహలు - వాస్తవాలు

ఈ మధ్య వరసగా మూడు ఫోన్లు వచ్చాయి, మూడూ ఒకే మాట. ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకోవాలని ముచ్చటపడి, ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ టూల్‌తో కోసే మెషిన్) కొని, ఎలాగో ఇంటికి చేర్చుకున్నాక "అన్నా, ఎంత జాగ్రత్తగా చేసినా జాబ్ టేపర్ వస్తోంది, ఒకసారి వచ్చి చూస్తారా" అని. జాబ్ అంటే మెషిన్ మీద చేసే ముక్క, టేపర్ అంటే అది ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా రావడం. నేను పాత మెషిన్లు విప్పి బాగుచేసే పనిలో ఉన్నాను. బెడ్ (లేత్ కింద ఉండే పొడవాటి ఇనుప పీఠం) మీద గోరు ఆనించగానే సంగతి చాలావరకు తెలిసిపోతుంది. ఆశగా చూస్తున్న మనిషికి అది చెప్పడమే కష్టం. అందుకే కొనకముందే చదువుతారని రాస్తున్నాను.

అపోహ: క్రాస్ స్లైడ్ (కోసే టూల్‌ని జాబ్ వైపుకీ వెనక్కీ జరిపే భాగం) హ్యాండిల్ ఊరికే తిరుగుతోందంటే మెషిన్ పని అయిపోయినట్టే.

వాస్తవం: అస్సలు కాదు, జనానికి ఎక్కువ నష్టం తెస్తున్న అపోహ ఇదే. హ్యాండిల్‌లో ఉండే ప్లే అంటే స్క్రూకీ నట్‌కీ మధ్య ఉన్న ఖాళీ. కొత్త మెషిన్లోనూ అది కొంత ఉంటుంది. కొలత ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుకుంటూ వస్తే జాబ్ మీద దాని ప్రభావం పడదు. మరీ ఎక్కువైతే కంచు నట్ ఒకటి మార్చుకుంటే సరిపోతుంది. కానీ చేతికి మొదట తగిలేది ఆ హ్యాండిలే కాబట్టి చూడ్డానికి వెళ్లిన ప్రతివాళ్లూ దాన్నే అటూ ఇటూ కదిపి పెదవి విరుస్తారు. బెడ్ వైపు చూడరు.

అసలు ప్రాణం బెడ్‌లో ఉంది. లేత్ మీద చేసే పనుల్లో చాలావరకు పొట్టి జాబులే, అంటే సాడిల్ (టూల్‌ని మోస్తూ బెడ్ మీద జారే భాగం) బతుకంతా చక్ (జాబ్‌ని పట్టుకుని తిప్పే భాగం) పక్కన జానెడు మేరలోనే అటూ ఇటూ తిరుగుతుంది. కాస్ట్ ఐరన్ పొడి, ఎమెరీ పేపర్ నుంచి రాలిన గరుకు ఆయిల్‌తో కలిసి సాడిల్ కిందకి చేరితే సానపెట్టినట్టే పని చేస్తుంది. చక్ దగ్గర బెడ్ అరుగుతుంది, టెయిల్‌స్టాక్ (జాబ్ అవతలి చివరకి ఆసరా ఇచ్చే భాగం) వైపు కొత్తదిలాగే ఉండిపోతుంది. అరిగిన చోటికి వచ్చేసరికి సాడిల్ దిగుతుంది, పక్కకి ఒరుగుతుంది. టూల్ కాస్త కిందికి దిగితే జాబ్ సైజులో పెద్దగా తేడా రాదు గానీ, జాబ్ నుంచి పక్కకి 0.05 మి.మీ. జరిగితే మాత్రం డయామీటర్‌లో 0.1 తేడా వచ్చేస్తుంది. దీన్ని నట్ మార్చినట్టు మార్చలేం. బెడ్ గ్రైండింగ్ చేయించి, సాడిల్‌ని మళ్లీ స్క్రేపింగ్ చేసి (చేత్తో సన్నగా గీకి) కూర్చోబెట్టాలి, హాబీ మెషిన్‌కి ఆ ఖర్చు చాలాసార్లు మెషిన్ ధర దాటిపోతుంది.

ఆ మూడు ఫోన్లలో మొదటి ఆయనది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఒకే షెడ్డులో రెండు మెషిన్లు చూశాడట. ఒకటి నూనె జిడ్డుతో, హ్యాండిల్ పావు చుట్టు ఊరికే తిరుగుతోంది. రెండోది కొత్త పెయింట్‌తో మెరుస్తోంది, హ్యాండిల్ బిగుతుగా ఉంది. రెండోది కొన్నాడు. నేను వెళ్లి చక్ పక్కన బెడ్ తుడిచి గోరు పెడితే మెట్టులాగా తగిలింది, సాడిల్ నడిచే చోటుకీ నడవని అంచుకీ మధ్య అంత లోతు. అమ్మినవాళ్లు క్రాస్ స్లైడ్ నట్ ఒక్కటి మార్చి, పెయింట్ వేసి పెట్టారు. ఆయన వద్దనుకున్న జిడ్డు మెషిన్ని తర్వాత ఆయనతో వెళ్లి చూశాను, చక్ దగ్గర కూడా బెడ్ మీద ఫ్యాక్టరీ గ్రైండింగ్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

మీరు వెళ్లినప్పుడు గుడ్డముక్క, డయల్ గేజ్ (అతి చిన్న కదలికని అంకెల్లో చూపేది), మైక్రోమీటర్ (లావు కొలిచేది) తీసుకెళ్లండి. సాడిల్‌ని చక్ దగ్గరికి తెచ్చి, సాడిల్ లాక్ కొంచెం బిగించండి, కష్టంగానైనా కదిలేంత. ఇప్పుడు టెయిల్‌స్టాక్ వైపు నడపండి. సగం దూరంలో బిగుసుకుపోయి కదలనంటే చక్ దగ్గర బెడ్ అరిగిందని అర్థం. తర్వాత డయల్ గేజ్‌ని సాడిల్ మీద పెట్టి, దాని ముల్లు టెయిల్‌స్టాక్ జారే దారి మీద ఆనించి నడిపించండి. ఆ దారి చక్ దగ్గర పెద్దగా అరగదు కాబట్టి సాడిల్ ఎంత దిగిందో అంకెల్లోనే కనబడుతుంది. 0.02, 0.03 మి.మీ. కనిపిస్తే భయపడకండి, ఇంట్లో చేసే పనులకి అది నిశ్చింతగా సరిపోతుంది. పదో వంతు మి.మీ. దాకా వెళ్తే మాత్రం పెయింట్ ఎంత బాగున్నా వచ్చేయండి. బెడ్ మీద చక్కగా వరసగా కనిపించే చంద్రవంక స్క్రేపింగ్ గుర్తులు చూసి కూడా మురిసిపోవద్దు, అరిగిన బెడ్ మీద కూడా అవి కొత్తగా కొట్టి పెట్టేవాళ్లున్నారు.

అపోహ: చక్‌లో పట్టిన రాడ్ ఊగుతోందంటే స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) పోయింది.

వాస్తవం: మూడు దవడల (త్రీ-జా) చక్‌లో 0.1 మి.మీ. దాకా ఊగడం మామూలే. చక్ తీసేసి, స్పిండిల్ ముక్కు మీదే డయల్ పెట్టి చూడండి. అక్కడ 0.01 లోపు ఉంటే స్పిండిల్ బాగున్నట్టే. టాప్ స్పీడ్‌లో ఇరవై నిమిషాలు నడిపి హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే పెట్టె) మీద చెయ్యి వేయండి, గోరువెచ్చగా ఉంటే ఫర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బేరింగ్ సంగతి చూడాలి.

అపోహ: త్రీ ఫేజ్ మోటారుంటే ఇంట్లో నడవదు.

వాస్తవం: సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్ తీసుకునే వీఎఫ్‌డీ (దాన్ని త్రీ ఫేజ్‌గా మార్చి మోటారుకిచ్చే పెట్టె) పెట్టుకుంటే నడుస్తుంది. మోటార్ నేమ్‌ప్లేట్ మీద 230/400 అని రెండు వోల్టేజీలు ఉన్నాయో లేదో చూడండి, ఉంటే మోటార్ వైర్లు డెల్టా పద్ధతిలో కలపాలి, ఆ పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. ఒక్క జాగ్రత్త: స్పిండిల్ ముక్కు మరల టైపు (చక్‌ని మర తిప్పి బిగించేది) అయితే రివర్స్‌లో నడిపినా, వీఎఫ్‌డీతో సడన్‌గా ఆపినా చక్ మర విప్పుకుని ఊడి రావచ్చు. ఆపే టైమ్ కాస్త ఎక్కువ పెట్టుకోండి.

చక్‌లు, స్టెడీ (పొడవాటి జాబ్‌కి మధ్యలో ఆసరా), ఛేంజ్ గేర్లు (కోసే మర సైజు మార్చే గేర్లు) మెషిన్‌తో వస్తాయా అని కొనేముందే అడగండి, అవి విడిగా కొంటే మెషిన్ అంత ఖర్చూ కావచ్చు. గేర్లు లేకపోతే కావలసిన మరలు కోసుకోలేరు. ఇంటికి తెచ్చేటప్పుడు లీడ్ స్క్రూకి (బెడ్ పొడవునా ఉండే పొడుగు స్క్రూకి) తాడు కట్టి ఎత్తనివ్వకండి. బరువంతా హెడ్‌స్టాక్ వైపు, అదీ పైనే ఉంటుంది కాబట్టి ఒక్క క్షణంలో బోర్లా పడుతుంది.

ఇక మూడో ఫోన్. ఆయన టెన్షన్‌తో మెషిన్ని వచ్చిన ధరకి అమ్మేద్దామనుకుంటున్నాడు. నేను బెడ్ చూశాను, మెట్టు లేదు. సాడిల్ లాక్ బిగించి నడిపితే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే బిగువుతో వెళ్లింది. రాడ్ చక్‌లో పట్టి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, ఇంచుమించు 100 మి.మీ. దూరంలో రెండు చోట్ల సన్నగా కట్ వేసి కొలిస్తే బయటి చివర 0.06 లావుగా ఉంది. నేల ఎగుడుదిగుడుగా ఉండి బెడ్ మెలి తిరిగింది, అంతే. టెయిల్‌స్టాక్ చివర, మనం నిలబడే వైపు కాలు కింద పల్చటి రేకుముక్క పెట్టి మళ్లీ కట్ వేశాం. ఇంకోటి పెట్టి మళ్లీ. మూడోసారికి రెండు చోట్లా మైక్రోమీటర్ ఒకే అంకె చూపించింది. ఆయన నమ్మలేక నా చేతిలోంచి మైక్రోమీటర్ తీసుకుని తనే కొలుచుకున్నాడు, రెండుసార్లు.