కిట్ నార్మలే వచ్చింది కదా, ఇక రక్తం పడినా ఫర్లేదా?

నేను ఇంగ్లండ్‌లో, కెమెరాతో పేగులు చూసే ఎండోస్కోపీ విభాగంలో నర్సుని. తెలుగువాళ్లు కలిస్తే మాట చివరికి పేగుల మీదికే వస్తుంది, నా ఖర్మ. పోయిన నెల ఒక పెళ్లిలో, విస్తట్లో పప్పు పడుతుండగా, ఒక అన్నయ్యగారు పక్కన కూర్చుని గొంతు తగ్గించారు. "అమ్మా, రెండు నెలలుగా మోషన్‌లో రక్తం పడుతోంది. మొలలే అయ్యుంటాయిలే. మొన్న కిట్ నార్మలనే వచ్చింది కదా?"

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. పేగు క్యాన్సర్‌ని ముందే పసిగట్టే స్క్రీనింగ్‌కని పోస్టులో వచ్చే మలపరీక్ష, ఈ ఫిట్ కిట్, ఏ లక్షణాలూ లేనివాళ్ల కోసం. ఇక్కడ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టరైన 50 నుంచి 74 ఏళ్లవాళ్లకి రెండేళ్లకోసారి వస్తుంది, కంటికి కనబడని రక్తం కోసం చూస్తుంది. గడ్డ ఉన్నా ఆ రోజు రక్తం కారకపోతే దొరకదు. పైగా లక్షణాలున్నాయని జీపీ ఇదే పరీక్ష రాస్తే, గ్రాము మలంలో 10 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ కనబడినా వదలరు. స్క్రీనింగ్‌కి 2019లో ఈ కిట్ మొదలైనప్పుడు ఆ గీత 120. అంటే 60 వచ్చినవాళ్లకీ "ప్రస్తుతానికి వేరే పరీక్షలు అక్కర్లేదు" అనే ఉత్తరమే. రక్తం పడుతున్నా, మోషన్ తీరు మారి వారాలైనా, ఊరికే బరువు తగ్గుతున్నా ఆ ఉత్తరాన్ని పక్కన పడేసి జీపీకి ఫోన్ చేయండి. వచ్చే కిట్ దాకా ఆగకండి.

మటన్ తింటే తప్పుగా వస్తుందా? అది పాత పరీక్ష గొడవ. ఇది మనిషి రక్తాన్నే పట్టుకుంటుంది. పాజిటివ్ అంటే క్యాన్సరేనా? కాదు, ఎక్కువమందికి కాదు. చాలామందిలో దొరికేవి పాలిప్‌లు (పేగు లోపలి చిన్న బుడిపెలు), అవి ముదరకముందే తీసేస్తాం. పూజగది ఉన్న ఇంట్లో ఇదేం పని అంటారా? మలం పట్టడానికి ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి పెట్టుకుని, కిట్‌లోని పుల్ల గాట్లు నిండేలా గీకి, ట్యూబులో పెట్టి మూత బిగించి, తేదీ రాసేయడమే. మా అమ్మ ముక్కు మూసుకుని రెండు నిమిషాల్లో ముగించింది.

చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టమే. ఈమధ్యే కొలనోస్కోపీ (పెద్దపేగుని కెమెరాతో చూసే పరీక్ష) అయినవాళ్లు ముందు స్క్రీనింగ్ హెల్ప్‌లైన్‌ని అడగండి. పాజిటివ్ వచ్చినా కెమెరా పరీక్షకి చచ్చినా వెళ్లనంటే మాత్రం కిట్ పంపి లాభం లేదు. ఆ పరీక్షలో రక్తస్రావం, పేగుకి చిల్లు పడటం లాంటివి అరుదైనా ఉన్నాయి. భయపడటం తప్పేం కాదు, వచ్చి అడగండి.

అన్నయ్యగారికి ఈ శుక్రవారం కొలనోస్కోపీ. నిన్న వదినగారు ఫోన్ చేసి ఏం పెట్టాలని అడిగారు. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో రాసిన రోజు నుంచి తెల్లన్నం పెట్టండి, గోంగూర మాత్రం వద్దన్నాను.